బోల్టు ఉంది, బిగువు లేదు: క్రాంక్ హబ్, డంపర్ పుల్లీ తిరిగి బిగించిన ఒక కేసు

బండి రెండున్నర లీటర్ల కామన్ రైల్ డీజిల్. నాలుగు సిలిండర్లు, ఏడు సీట్లు. లక్షా తొంభై వేల కిలోమీటర్లు దాటింది. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ వాళ్లది. రోజూ చీమకుర్తి-ఒంగోలు మధ్య, సరుకు ఎక్కించే రోజుల్లో కృష్ణపట్నం పోర్టు దాకా తిరుగుతుంది. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే వెంటనే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ ఇరుసు) ముందు బోల్టుని ఎంత బలంతో బిగించాలో చెప్పే బిగువు అంకె అడుగుతారు. ఆ అంకె వాట్సాప్‌లో చేతులు మారి ఇంకో బండి బోల్టు మీదికి పోతుంది. క్రాంక్ బోల్టు అంకె ఇంజన్‌కీ ఇంజన్‌కీ మారుతుంది. చిన్న పెట్రోల్ ఇంజన్లలో వంద న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉండేవి ఉన్నాయి, పెద్ద డీజిళ్లలో మూడు వందలు దాటేవి ఉన్నాయి. కొన్నింటికి తక్కువ అంకె దాకా బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. ఎవరి బండి మాన్యువల్ వాళ్లు చూసుకోవాల్సిందే.

వచ్చినప్పుడు నాలుగు ఫిర్యాదులు. ఐడ్లింగ్‌లో ఇంజన్ ముందు వైపు కటకటమని శబ్దం, ఏసీ వేస్తే ఆ శబ్దం మారడం. కొత్త బెల్టు వేసినా అంచు పీచులు పీచులుగా లేచిపోవడం. చెక్ ఇంజన్ లైటు వెలిగి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక్కోసారి ఇంజన్ ఆగిపోవడం. ముందు ఆయిల్ సీల్ దగ్గర తడి. స్కానర్ పెడితే పీ0336 కనబడింది. అంటే క్రాంక్ సెన్సర్ నుంచి వచ్చే సంకేతం సరిగ్గా లేదని.

అప్పటికే బండి రెండు మూడు షెడ్లు తిరిగింది. ఒక చోట సెన్సర్ మార్చారు. ఒక చోట ఆల్టర్నేటర్ బేరింగులు, బెల్టు టెన్షనర్ మార్చారు. చివరి చోట మెయిన్ బేరింగులు పోయాయి, ఇంజన్ దించాలి అన్నారు. డ్రైవర్ ఆ మాట మీదే నా దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, ఇంజన్ దించాల్సిందేనంట. మా సార్ ఇంక ఈ బండి అమ్మేద్దామా అంటన్నాడు. మీరేమంటారు?"

"ముందు శబ్దం యాడ నుంచి వస్తందో చూద్దాం. దించేది తర్వాత."

ఈ నాలుగు ఫిర్యాదులనీ నాలుగు జబ్బులుగా చూస్తే నాలుగు పార్టులు మార్చాలి. కానీ నాలుగూ క్రాంక్ ముందు కొన దగ్గరే ఉన్నాయి. బెల్టు నడిచేది అక్కడే. ఆయిల్ సీల్ అక్కడే. ఈ ఇంజన్‌లో క్రాంక్ సెన్సర్ చదివే పళ్ల చక్రం కూడా వెనక ఫ్లైవీల్ దగ్గర కాదు, ముందు హబ్ (క్రాంక్ ముందు కొన మీద బిగించే చక్రం) మీదే ఉంటుంది. మొదటి అనుమానం అక్కడే వచ్చింది. అయినా ఇంజన్ లోపలి శబ్దం కాదని తేల్చకుండా ముందుకు పోకూడదు.

బేరింగ్ శబ్దమా, పుల్లీ శబ్దమా

కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోతే ఆ సిలిండర్‌లో ఇంధనం ఆపినప్పుడు శబ్దం తగ్గాలి. స్కానర్‌తో ఇంజెక్టర్లు ఒక్కొక్కటిగా ఆపి చూశాను. ఇంజన్ వణికింది గానీ కటకట మారలేదు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి అక్కడ గేజ్ పెట్టాను. వేడి ఇంజన్‌లో ఐడ్లింగ్ ప్రెషర్ మాన్యువల్ చెప్పిన దానికి పైనే ఉంది. పాత ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతలు విప్పి ఎండలో చూశాను. బేరింగ్ పొట్టు మెరుపులు లేవు. ఈ మూడు పరీక్షలకీ పెద్ద ఖర్చు లేదు. ఇవి చెయ్యకుండా ఇంజన్ దించమనడం నాకు నచ్చదు.

తర్వాత బెల్టు తీసేసి నిమిషం లోపలే ఇంజన్ తిప్పి ఆపాను. ఈ ఇంజన్‌లో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంది కాబట్టి అంతకు మించి తిప్పకూడదు. శబ్దం పలచబడింది, పోలేదు. అంటే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, టెన్షనర్ వీటిలో ఏదీ అసలు దోషి కాదు.

అప్పుడు డంపర్ పుల్లీ ముఖం మీద, లోపలి చక్రం నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు దాకా తెల్ల మార్కర్‌తో ఒకటే గీత గీశాను. ఇంజన్ తిప్పి, రేస్ ఇచ్చి ఆపి చూస్తే గీత విరిగింది. బయటి రింగు పక్కకు జరిగింది. డయల్ గేజ్‌ని అయస్కాంతపు స్టాండ్‌తో టైమింగ్ కవర్‌కి పెట్టి, క్రాంక్‌ని చేత్తో తిప్పితే రింగు అంచు ముల్లు దాదాపు ఒక మిల్లీమీటరు ఊగింది. ఇందులో రబ్బరు వాటా ఎంత, హబ్ వాటా ఎంత అని తెలియాలి కదా. గేజ్ ముల్లుని హబ్ మీదికే మార్చి, చెక్కముక్క ఆనించి మెల్లగా అటూ ఇటూ అదిమాను. హబ్ కూడా కదిలింది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో హబ్ క్రాంక్ మీద వేరుగా కదలడం అనేదే ఉండకూడదు. క్రాంక్ ముందుకూ వెనక్కూ కొద్దిగా జరిగితే అది వేరే లెక్క, అది థ్రస్ట్ బేరింగ్ గ్యాప్.

డ్రైవర్‌ని పిలిచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూపించాను. మాటలకన్నా అది త్వరగా అర్థమైంది. వాళ్ల సార్‌కి కూడా అదే పంపాడు.

ఈ పుల్లీ లోపల రబ్బరు ఎందుకు

చాలామంది దీన్ని బెల్టు తిప్పే చక్రం అనుకుంటారు. బెల్టు తిప్పడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. క్రాంక్ ఉక్కుదే అయినా, ప్రతి సిలిండర్ పేలినప్పుడూ తడిబట్ట పిండినట్టు ఒకవైపుకి కొంచెం మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. మెలి డిగ్రీలో చిన్న భాగమే. కానీ నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టుకి రెండు పేలుళ్లు. మూడు వేల ఆర్‌పీఎం దగ్గర సెకనుకి వంద. ప్రతి క్రాంక్‌కీ దాని సొంత ఊపు వేగం ఒకటి ఉంటుంది. పేలుళ్ల లయ గానీ దాని రెట్లు గానీ ఆ వేగంతో కలిస్తే ఊపు పెరుగుతూ పోతుంది. వెనక బరువైన ఫ్లైవీల్ ఉంటుంది కాబట్టి అటు కొన పెద్దగా కదలదు, ముందు కొనే ఎక్కువ ఊగుతుంది. అందుకే డంపర్‌ని ముందు కొనకి తగిలిస్తారు. బయటి రింగు బరువు తన వేగంతో తాను పోవాలని చూస్తుంది, మధ్యలో రబ్బరు సాగుతుంది, ఆ ఊపు రబ్బరులో వేడిగా మారి పోతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇలాంటి డంపర్‌కి 1910లోనే పేటెంట్ తీసుకున్నాడు.

డంపర్ చచ్చిపోయినా బండి నడుస్తుంది. అదే ఇక్కడ ఇబ్బంది. ఊపు భారం హబ్ బోల్టు మీద, కీ (హబ్‌ని క్రాంక్ మీద సరైన కోణంలో ఉంచే చిన్న ఉక్కు ముక్క) మీద, చెయిన్ మీద, ఆయిల్ పంపు గేర్ మీద పడుతూ పోతుంది. చివరికి క్రాంకే విరిగిన ఇంజన్లు ఉన్నాయి. మన దగ్గర కొందరు డంపర్ పుల్లీ ఖరీదు చూసి లేతు మీద గట్టి ఇనుప పుల్లీ కొట్టించి బిగిస్తున్నారు. బెల్టు తిరుగుతుంది, ఏసీ పనిచేస్తుంది, ఓనర్ సంతోషంగా పోతాడు. నేను మాత్రం ఆ పని ఎవరు అడిగినా చెయ్యను.

విప్పినప్పుడు కనబడింది

బ్యాటరీ నెగటివ్, ఫ్యాన్, ఫ్యాన్ కవర్, బెల్టు, టెన్షనర్. ఇవి మామూలు పనే. రేడియేటర్ కదపకుండా కుదిరింది గానీ, కోర్‌కి సాకెట్ తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టాం.

ఈ ఇంజన్‌లో హబ్ వేరు, డంపర్ వేరు. క్రాంక్ కొన మీద హబ్ కూర్చుంటుంది, దాన్ని మధ్యలో పెద్ద బోల్టు పట్టుకుంటుంది. ఆ హబ్‌కి ఆరు చిన్న బోల్టులతో డంపర్ తగులుకుంటుంది. ముందు ఆరు బోల్టులు తీస్తే డంపర్ చేతిలోకి వచ్చింది. రబ్బరు ఆయిల్ తాగి ఉబ్బి, ఒక పక్క బయటికి పొంగి ఉంది. సీల్ నుంచి కారిన ఆయిల్, చీమకుర్తి రాతిపొడి కలిసి గట్టి ముద్దయి వెనక వైపంతా పట్టుకుంది. ఆ ముద్ద బెల్టు అంచుని అరగదీస్తుంది, సీల్ పెదవిని అరగదీస్తుంది. ఆ చుట్టుపక్కల తిరిగే బండ్లలో ఇది మామూలే. వాటర్ సర్వీసింగ్‌లో పైపు ఎప్పుడూ బానెట్ మీదే పెడతారు, కింద ముందు కవర్ దాకా పెట్టరు.

పెద్ద బోల్టు విప్పడానికి ఫ్లైవీల్‌ని స్టార్టర్ బిగించే రంధ్రం నుంచి లాక్ చేశాను. టైమింగ్ పెట్టుకోడానికి ఇచ్చే పిన్నులతో లాక్ చెయ్యకూడదు. అవి స్థానం చూపించడానికే, బలం తట్టుకోవు. హ్యాండిల్ సీటు కింద ఆనించి స్టార్టర్ కొట్టి విప్పే పద్ధతి ఒకటుంది. అది జారితే చెయ్యి విరుగుతుంది, బండి నాశనమవుతుంది. నా షెడ్‌లో ఆ పని చెయ్యనివ్వను.

ఇంత ఇంజన్‌లో ఈ బోల్టుకి మీటరు పైపు వేస్తే తప్ప కదలకూడదు. ఇది మామూలు సాకెట్ హ్యాండిల్‌కే వచ్చేసింది. నా కుర్రాడు "అన్నా, ఇది బిగించిందేనా?" అన్నాడు. బోల్టు తల కింద ఒక పక్కే మెరుగు, ఇంకో పక్క నలుపు.

హబ్‌ని పుల్లర్‌తో లాగాం. హబ్ ముఖం మీద పుల్లర్ కోసమే రెండు మరల రంధ్రాలు ఉన్నాయి. పుల్లర్ మొన క్రాంక్ మర అంచుని నలిపేయకుండా చిన్న ఉక్కు బిళ్ల అడ్డం పెట్టాం. డంపర్, హబ్ ఒకే ముక్కగా ఉండే ఇంజన్లలో బయటి రింగుకి కాళ్ల పుల్లర్ వేసి లాగేవాళ్లున్నారు. అలా లాగితే రబ్బరు చిరిగిపోతుంది, పుల్లీ బాగుంటే అప్పుడే పోతుంది.

హబ్ వెనక ముఖం చూడగానే కథ తెలిసిపోయింది. ముఖమంతా సిలికాన్ పూశారు. అంతకు ముందు ఏడాది ఎక్కడో సీల్ మార్చినప్పుడు, ఆయిల్ మళ్లీ కారకుండా ఉంటుందని పూసి గాలితో నడిచే బోల్టు గన్నుతో బిగించేశారు. ఆ ముఖం క్రాంక్ చెయిన్ గేర్ మీద లోహానికి లోహం ఆనుకోవాలి. మధ్యలో సిలికాన్ ఉంటే బిగించేటప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. ఇంజన్ వేడికి, అదురుకి ఆ పొర మెల్లగా నలిగి పక్కలకి పోతుంది. పొర ఎంత పలచబడితే బోల్టు సాగుదల అంత తగ్గుతుంది. బోల్టు తిరగలేదు, విడిపోలేదు, ఉన్న చోటే ఉంది, బిగువు మాత్రం పోయింది. బిగువు పోయాక హబ్ కదలడం మొదలైంది. క్రాంక్ కొన మీద, హబ్ బోరులో ఇటుక రంగు పొడి. రెండు ఉక్కు ముఖాలు సూక్ష్మంగా రాచుకుంటే వచ్చే తుప్పు అది. హబ్ కదిలినప్పుడల్లా పళ్ల చక్రానికీ సెన్సర్‌కీ మధ్య ఖాళీ మారుతోంది, పీ0336 అందుకే. సెన్సర్ మార్చినా లైటు ఎందుకు ఆరలేదో అప్పుడు డ్రైవర్‌కి అర్థమైంది.

ఇలా చేసిన షెడ్‌ని తిట్టుకుని లాభం లేదు. కారకూడదు అని ఓనర్ పక్కనే నిలబడి ఒత్తిడి చేస్తే చాలా చోట్ల జరిగేది ఇదే.

క్రాంక్ ఉంచాలా, మార్చాలా

అసలు టెన్షన్ ఇక్కడ. అర్ధచంద్రాకారపు ఉడ్‌రఫ్ కీ ఒక పక్క అరిగి మెట్టు పడింది. హబ్‌లో గాడి వెడల్పయింది. హబ్ ఎలాగూ కొత్తది వేస్తాం. క్రాంక్ మీద గాడి కూడా వెడల్పయి ఉంటే మాత్రం ఖర్చు ఎక్కడికో పోతుంది.

కీ మీద చాలామందికి ఉన్న నమ్మకం ఒకటి చెప్పాలి. హబ్‌ని తిప్పేది కీ అనుకుంటారు. కీ పని హబ్‌ని సరైన కోణంలో కూర్చోబెట్టడం. తిప్పేది రాపిడి, ఆ రాపిడిని పుట్టించేది బోల్టు బిగువు. అసలు కీ లేకుండా రాపిడి మీదే నడిచే ఇంజన్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఉదాహరణకి 18 మిల్లీమీటర్ల బోల్టుని పొడి మరలతో 350 న్యూటన్ మీటర్లకి బిగిస్తే, దాని నొక్కుడు బలం సుమారు 97 వేల న్యూటన్లు. పది టన్నులకి కాస్త తక్కువ. అంత బలం ఉన్నప్పుడు కీ మీద పడేది ఏమీ లేదు. బలం పోయిన రోజు నుంచి ప్రతి పేలుడు దెబ్బా కీ మీదే. ఆ దెబ్బలు తట్టుకోడానికి దాన్ని చెయ్యలేదు.

క్రాంక్ కొన వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో మూడు చోట్ల, రెండు దిక్కుల్లో కొలిచాను. వ్యాసం మాన్యువల్ హద్దుల్లోనే ఉంది. గాడి కోసం కొత్త కీని, ఫీలర్ గేజ్ రేకుల్ని వాడాను. గాడి పై అంచు దగ్గర ఒక పక్క లోహం లేచి, వెడల్పయింది. లోపల అడుగు భాగంలో మాత్రం కొత్త కీ రేకు దూరనంత బిగుతుగా కూర్చుంది. అంటే కీ నిలబడుతుంది, ఊగదు. అడుగున కూడా వదులు ఉండి ఉంటే నేను క్రాంక్ మార్చమనే చెప్పేవాణ్ణి. 35 మిల్లీమీటర్ల కొన మీద 0.4 మిల్లీమీటర్లు ఆడితే అది 1.3 డిగ్రీలు అవుతుంది. సెన్సర్ దానిమీద ఉన్నప్పుడు ఆ డిగ్రీలు ఇంజెక్షన్ టైమింగ్‌లోకే పోతాయి.

గాడిలో వెల్డింగ్ నింపి మళ్లీ కోయించుకోమని ఒక లేతు ఆయన సలహా ఇచ్చాడు. బ్లాక్‌లో ఉన్న క్రాంక్ కొనకి వెల్డింగ్ పెడితే పక్కనే ఉన్న సీల్, బేరింగ్‌ల గతి ఏంటి, ఉక్కు గట్టిదనం ఏమవుతుంది అన్నదానికి ఆయన దగ్గర జవాబు లేదు. గట్టిగా అంటుకునే రసాయనాలు పోసి హబ్‌ని అతికించే పద్ధతి కూడా ఉంది. తాత్కాలికంగా నడుస్తుంది. తర్వాత సీల్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ హబ్ ఊడదీసేవాడు నన్ను తిట్టుకుంటాడు.

ఓనర్‌కి ఫోన్ చేసి నిర్ణయం చెప్పాను: క్రాంక్ ఉంటుంది. హబ్, డంపర్, పెద్ద బోల్టు, వాషర్, కీ, సీల్, ఆరు చిన్న బోల్టులు, బెల్టు కొత్తవి. గాడి సంగతి బిల్లు మీద రాసిస్తాను. ఆయన ఒక్కటే అడిగాడు: "ఇంజన్ దించకుండా పోతందా?" పోతుంది అన్నాను.

సామాను ఒంగోలులో దొరకలేదు, విజయవాడ నుంచి తెప్పించాం. వచ్చిన డంపర్‌ని పాతదాంతో పాటు తూకం వేయించాను. బయటి రింగు బరువు ఎక్కువ తక్కువైతే డంపర్ పట్టాల్సిన ఊపుని పట్టదు. పెట్టె మీద పేరు అసలుదే అయినా బరువులో బాగా తేడా ఉంటే వెనక్కి పంపేవాణ్ణి. తేడా లేదు. రబ్బరు అంచు ఒకే మట్టంలో ఉందా, గోటితో గిల్లితే పొట్టు లేస్తోందా అని కూడా చూడాలి.

మళ్లీ కూర్చోబెట్టడం

బిగించే పని అరగంటది. దాని ముందు శుభ్రం చేసే పనే ఎక్కువ సేపు పట్టింది, పట్టాలి కూడా.

సిలికాన్‌ని ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీశాం. ఇసుక కాగితం వాడలేదు. దాని గింజలు సీల్ రంధ్రం లోంచి ఇంజన్‌లోకి పోతే చేసిన మేలంతా పోతుంది. పని చేసేంత సేపూ ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి ఉంచాం. క్రాంక్ కొన మీద లేచిన అంచుల్ని సన్నని ఆయిల్ రాయితో మట్టం చేశాను. లేచిన అంచు మాత్రమే పోవాలి, కొన వ్యాసం తగ్గకూడదు. తర్వాత బ్రేక్ క్లీనర్, పీచు రాలని గుడ్డ. ముఖం మీద వేలు రాస్తే ఏమీ అంటకూడదు.

బోల్టు దిగే రంధ్రం అడుగు మూసి ఉంటుంది. అందులో పాత ఆయిల్, క్లీనర్ నిలిచిపోతే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవం నొక్కుకుని ఎటూ పోలేక ఎదురు తంతుంది. రెంచ్ అంకె చూపిస్తుంది, బోల్టు తల మాత్రం ఇంకా కూర్చోదు. సన్నని గొట్టంతో గాలి కొట్టి ఆరబెట్టాం. మరలు శుభ్రం చేయడానికి ట్యాప్ దించకూడదు, అది లోహం కోస్తుంది. పాత బోల్టు మీద పొడుగునా గాడి కోసి, దాన్నే చేత్తో లోపలికి బయటికి తిప్పి మురికి లాగాం.

సీల్: స్ప్రింగు ఉన్న మామూలు రబ్బరు పెదవి అయితే ఇంజన్ ఆయిల్ పలచగా రాసి పెట్టాలి. టెఫ్లాన్ పెదవి సీళ్లు ఇప్పుడు చాలా ఇంజన్లలో వస్తున్నాయి. వాటికి ఆయిల్ రాయకూడదు, పొడిగానే ఎక్కించాలి. ఇందులో ఉన్నది రబ్బరుదే. పాత హబ్ మీద సీల్ తిరిగిన చోట గోరు తట్టేంత గీత పడింది. కొత్త హబ్ వేస్తున్నాం కాబట్టి ఆ గొడవ లేదు. అదే హబ్ మళ్లీ వాడాల్సి వస్తే పలచని స్టీలు స్లీవ్ ఎక్కించడం గానీ, సీల్‌ని కొద్దిగా లోతు మార్చి కొత్త చోట తిరిగేలా పెట్టడం గానీ చెయ్యాలి.

హబ్ బోరు క్రాంక్ కొనకి కాస్త బిగుతు. సుత్తితో కొట్టి దించడం మన దగ్గర అలవాటు. ఆ దెబ్బ ఎక్కడికి పోతుందో ఆలోచించండి: క్రాంక్ వెనక్కి జరిగి థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. పైగా వంకరగా దిగిన హబ్ సీల్ పెదవిని మడిచేస్తుంది. కొత్త పెద్ద బోల్టునే వాడి లాగడం ఇంకో అలవాటు. మొదట రెండు మూడు మరలే పట్టి ఉంటాయి, వాటి మీద అంత బలం పడితే క్రాంక్ మరలే పోతాయి. నేను వాడింది అదే మర కోసిన పొడవాటి స్టడ్. దాన్ని రంధ్రం అడుగు దాకా చేత్తో దించి, హబ్ మీద గట్టి వాషర్, దాని మీద థ్రస్ట్ బేరింగ్, దాని మీద నట్టు పెట్టి తిప్పితే హబ్ నిటారుగా జారుతూ వచ్చింది.

దానికి ముందు హబ్‌ని మరుగుతున్న నీళ్లలో వేసి తీశాం. 35 మిల్లీమీటర్ల బోరు 65 డిగ్రీలు వేడెక్కితే 0.027 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎక్కువ ఏమీ కాదు, కానీ బిగుతు ఉన్నది కూడా ఆ మాత్రమే. తీసిన వెంటనే తుడిచి ఎక్కించాలి, ఆలస్యం చేస్తే వేడీ పోతుంది, తుప్పూ పడుతుంది. ఇది రబ్బరు లేని విడి హబ్ కాబట్టే చేశాను. రబ్బరు అంటుకుని ఉన్న పుల్లీని వేడి చెయ్యకూడదు. గ్యాస్ మంట అయితే దేనికీ వద్దు.

సిలికాన్ పెట్టాల్సిన చోటు ఒకటుంది. కీ గాడి వెంబడి ఆయిల్ బయటికి పాకుతుంది. హబ్ సగం దిగాక బయటి కొన దగ్గర గాడిలో పెసరగింజంత సిలికాన్ పెట్టాను. ముఖాల మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

బిగింపు

ఇక బోల్టు. రెంచ్ మీద వేసిన బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది: సగం దాకా బోల్టు తల కింద, ఇంకో నలభై శాతం మరల్లో. బోల్టుని సాగదీసి నొక్కుడు పుట్టించేది మిగిలిన పది శాతం చిల్లరే. అందుకే మరలు పొడిగా ఉండాలా, ఆయిల్ రాయాలా అన్నది చిన్న విషయం కాదు. పొడి మరలకి ఇచ్చిన అంకెని ఆయిల్ రాసిన మరలకి వాడితే, ఇందాకటి లెక్కలో 97 వేల న్యూటన్లు 130 వేల దాకా పోతుంది. బోల్టు సాగి వదులైపోవచ్చు. ఆయిల్ రాయమన్న చోట పొడిగా బిగిస్తే తక్కువ పడుతుంది. ఈ ఇంజన్‌కి మరలకీ, తల కిందా ఇంజన్ ఆయిల్ రాయమని ఉంది, రాశాం. హబ్‌కీ గేర్‌కీ మధ్య ముఖాలు పూర్తిగా పొడి. కొన్ని ఇంజన్లలో ఆ ముఖాల మధ్య గరుకు పొర ఉన్న పలచని వాషర్ వస్తుంది. అది చూసి పాత వాషరే కదా అని పారేసేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే హబ్ నిలవదు.

గన్నుతో బిగించినప్పుడు ఎంత పడిందో చెప్పగలిగినవాడు లేడు. గాలి ప్రెషర్, సాకెట్ పొడవు, మర పరిస్థితి అన్నిటినీ బట్టి మారిపోతుంది. విప్పడానికి గన్ను వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఇక షెడ్లలో ఉండే అర అంగుళం టార్క్ రెంచ్‌లు చాలావరకు రెండు వందల న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోతాయి. ఇలాంటి బోల్టుకి ముప్పావు అంగుళం రెంచ్ కావాలి. అది ఖరీదైనదే. లేనప్పుడు అద్దెకైనా తెచ్చుకోవాలి. 350 న్యూటన్ మీటర్లు అంటే మీటరు పొడవు పైపు కొసన 36 కిలోల బరువు వేలాడదీసినంత అని తెలిస్తే, చేతి అంచనా ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది.

బిగించేటప్పుడు క్రాంక్‌ని ఎక్కడ పట్టుకున్నాం అన్నది కూడా ముఖ్యమే. డంపర్ ఇంకా తగిలించలేదు, ఫ్లైవీల్ దగ్గరే లాక్ ఉంది. ఒకే ముక్క పుల్లీలకి బయటి రింగుకి బెల్టు రెంచ్ వేసి పట్టుకుని మధ్య బోల్టు బిగిస్తే, ఆ బలమంతా రబ్బరు గుండా పోతుంది. కొత్త పుల్లీ రబ్బరు ఆ రోజే లోపల చిరుగుతుంది. పైకి ఏమీ కనబడదు.

వాషర్ వంపు ఉన్నది అయితే వంపు పొడుచుకొచ్చిన వైపు బోల్టు తల కేసి ఉండాలి, తిప్పేస్తే స్ప్రింగు పని చెయ్యదు. మెల్లగా, ఆపకుండా, ఒకే లాగుడులో రెంచ్ టిక్కుమనేదాకా లాగాం. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే ఆగిన చోట రాపిడి ఎక్కువై అంకె తప్పు చూపిస్తుంది. తర్వాత బోల్టు తల నుంచి హబ్ మీదికి పసుపు రంగు గీత. ఆ తర్వాతే డంపర్, ఆరు బోల్టులు ఎదురెదురుగా.

లాక్ తీసి, ఇంజన్ తిరిగే దిక్కులోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాం. ఎక్కడా పట్టలేదు. డయల్ గేజ్ బయటి రింగు మీద పెడితే ముల్లు పదో వంతు మిల్లీమీటరు కూడా కదల్లేదు. హబ్ మీద చెక్కతో అదిమినా ముల్లు కదల్లేదు. సెన్సర్ ఖాళీ ఫీలర్ గేజ్‌తో నాలుగు చోట్ల చూస్తే ఒక్కలాగే ఉంది. ఇంజన్ తిప్పాక కటకట లేదు. కోడ్ చెరిపి బండిని పోర్టు రోడ్డు మీద పంపించాం, ఆ కోడ్ తిరిగి రాలేదు.

డ్రైవర్ వచ్చేటప్పుడు ఆయిల్ వాసన పోయిందని చెప్పాడు గానీ, ఇంకో శబ్దం మీద ఫిర్యాదు చేశాడు. అది వెనక కమాన్ బుష్. దానికీ దీనికీ సంబంధం లేదు, అతను నమ్మడానికి టైం పట్టింది.

తర్వాతి ఆయిల్ మార్పుకి వచ్చినప్పుడు మళ్లీ చూశాను. పసుపు గీత తెగలేదు, రింగు గీత తెగలేదు, సీల్ కింద పొడి. బోల్టుని మళ్లీ రెంచ్‌తో పరీక్షించలేదు. ఒకసారి కుదిరిన బోల్టుని ఊరికే కదిలించడం పరీక్ష కాదు, గీత చూస్తే చాలు. కింద కవర్ లోపల రాతిపొడి మాత్రం అప్పుడే చేరింది. ప్రతి సర్వీసింగ్‌కీ ఆ కవర్ విప్పి కడగమని కార్డు మీద రాయించాను. బిల్లు చివర వరస అలాగే ఉంది: "క్రాంక్ కీ గాడి పై అంచు వెడల్పయింది, అడుగు సరిగ్గా ఉంది. మళ్లీ ఎప్పుడు హబ్ తీసినా ముందు ఈ గాడి కొలవాలి. అడుగున వదులు కనబడితే క్రాంక్ మార్చాలి, వేరే దారి లేదు." ఓనర్ దాని మీద సంతకం పెట్టి ఒక కాపీ తీసుకున్నాడు.